కనబడి రావడం

ఉమామహేశ్వరరావు మాస్టారికి వారంలో ఆరు రోజులు ఉద్యోగం. ఏడో రోజు అసలు ఉద్యోగం.

ఆ ఆరు రోజులూ ఆయన తెనాలి కాలేజీలో బి.ఏ. పిల్లలకి చరిత్ర చెప్పేవాడు. మధ్యయుగంలో రాజులు బలహీనపడ్డాక ఫ్యూడలిజం ఎలా పుట్టిందో, బతుకుభయం పట్టుకున్న రైతు తన పొలాన్ని తానే తీసుకెళ్ళి దొర ముందు ఎలా పెట్టాడో, దొర దర్శనానికి సామంతులు ఏ రోజున ఏ కానుక పట్టుకెళ్ళి ఏ వరుసలో నిలబడాలో, బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పేవాడు. వెనక బెంచీ వాళ్ళు కూడా నిద్రపోకుండా వినేవాళ్ళు. ఏడో రోజు, అంటే ఆదివారం పొద్దున్నే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రేపల్లె పాసింజరెక్కి కాలేజీ కరస్పాండెంటు హనుమంతరావు గారికి కనబడి వచ్చేవాడు.

కనబడి రావడమంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం కాస్త చెప్పాలి. అందులో పనంటూ ఏమీ ఉండకూడదు. ఏదైనా అడిగితే, అడగడానికే వచ్చాడంటారు. అసలు వెళ్ళకపోతే, కళ్ళు నెత్తికెక్కాయంటారు. కాబట్టి వెళ్ళాలి, వసారాలో నిలబడాలి, "ఇటువైపు పనుండి వచ్చానండి, ఓసారి మీకు కనబడి వెళ్దామని" అనాలి. పడక్కుర్చీలోంచి ఆయన "ఊఁ" అనాలి. ఆ "ఊఁ"తో వారం గడుస్తుంది. ఒక్క ఆదివారం మానేస్తే ఏమీ కాదని అందరూ అనేవాళ్ళు. మానేసి చూసిన మనిషి మాత్రం ఆ కాలేజీలో ఒక్కడూ లేడు.

కాలేజీ కట్టించింది హనుమంతరావు గారి తండ్రి. ఆయన పోయాక రేపల్లె దగ్గర మాగాణి, ఊళ్ళో రెండంతస్తుల మేడ, రైసు మిల్లు, తెనాలిలో కాలేజీ, అందులో పాతికమంది లెక్చరర్లు, అన్నీ కలిపి కొడుక్కి వచ్చాయి. వీటిలో లెక్చరర్లకి మాత్రం పట్టా లేదు.

ఆ లెక్చరర్లలో రెండు రకాలు. ఎయిడెడ్ పోస్టులో ఉన్నవాళ్ళకి జీతం ప్రభుత్వమిస్తుంది, వాళ్ళని కదిలించడం ఎవరి తరమూ కాదు. మేనేజ్‌మెంటు పోస్టులో ఉన్నవాళ్ళకి జీతం హనుమంతరావు గారి దయ, ఉద్యోగం ప్రతి జూన్‌లోనూ కొత్తగా పుట్టాలి. ఉమామహేశ్వరరావుది పదకొండేళ్ళుగా ఆ రెండో రకం. చరిత్రకి ఉన్న ఒకే ఒక్క ఎయిడెడ్ పోస్టులో జగన్నాథం గారు ఉన్నారు. నాలుగేళ్ళలో, అంటే తొంభైలో, ఆయన రిటైరవుతారు. ఆ కుర్చీ తనకి రావాలి. నలభై ఒకటో ఏట ఉమామహేశ్వరరావుకి ఉన్న కోరిక అదొక్కటే, అది తప్ప రెండోది లేదు. విచిత్రమేమిటంటే ఎవరూ కదిలించలేని ఆ ఎయిడెడ్ వాళ్ళు కూడా ఆదివారం ఆదివారం రేపల్లె వెళ్ళేవాళ్ళు. ఎందుకండీ అంటే, "అలవాటయిపోయిందండి" అనేవాళ్ళు.

పాసింజరులో ఒకే పెట్టెలో నలుగురైదుగురు లెక్చరర్లు తగిలేవాళ్ళు. ఎక్కడికని ఎవరూ ఎవరినీ అడిగేవాళ్ళు కాదు, అయినా అందరూ చెప్పేవాళ్ళు. ఫిజిక్స్ ఆయనకి రేపల్లెలో పిన్నత్తగారు ఉండేది. కామర్స్ ఆయనకి పళ్ళ డాక్టరు ఉండేవాడు, ఆరేళ్ళుగా ఆ పన్ను నయమవుతూనే ఉంది. భట్టిప్రోలు దాటగానే అందరూ తలలు దువ్వుకునేవాళ్ళు. స్టేషన్లో దిగి, ఒకరి దగ్గరొకరు సెలవు తీసుకుని, నాలుగు వేరు వేరు వీధుల్లో నడిచి, పది నిమిషాల్లో ఒకే వసారాలో కలుసుకునేవాళ్ళు. "అరెరె, మీరూ వచ్చారే!" అని ఆశ్చర్యపోయేవాళ్ళు కూడా.

వసారాలోకి వచ్చాక మిగతావాళ్ళ దారి వేరు, ఉమామహేశ్వరరావు దారి వేరు. ఫిజిక్స్ ఆయన లోపలికెళ్ళి మిక్సీయో టీవీయో విప్పేవాడు. కామర్స్ ఆయన మిల్లు కాగితాలు ముందేసుకునేవాడు. తెలుగు పంతులు అమ్మగారి నోముకి పాటో, మనవరాలి పుట్టినరోజుకి పద్యమో రాసుకొచ్చేవాడు. బోటనీ చెప్పే హైమావతి పెరట్లో గులాబీలకి అంట్లు కట్టేది. చరిత్రతో ఎవరింట్లో ఏం పని జరుగుతుంది? ఆయన బల్ల చివర కూర్చుని గోడ మీది కేలండరు చదువుకునేవాడు. తనవల్ల ఆ ఇంటికి చీపురుపుల్లంత ఉపయోగం కూడా లేదన్న సంగతి ఆయన్ని లోపల తొలిచేసేది.

ఒకసారి హనుమంతరావు గారు ఆయన వైపు తిరిగి, "ఏమయ్యా హిస్టరీ, ఈ మేడ ఎప్పుడు కట్టారో చెప్పు చూద్దాం" అన్నారు.

"తెలీదండి."

"యాభై రెండులో మా నాన్న కట్టాడు. ఈమాత్రం తెలీకుండా ఏం చదివావయ్యా నువ్వు?"

వసారా అంతా నవ్వింది. ఉమామహేశ్వరరావు కూడా నవ్వాడు, అందరికంటే కొంచెం ఎక్కువసేపు.

నిజానికి ఆయన చదివింది తక్కువేం కాదు. గంగానమ్మపేటలో ఆయన అద్దెకున్న వాటాలో ఒక రేకుపెట్టె ఉంది. అందులో ఏడు లావుపాటి నోటుబుక్కులు. "మధ్యయుగ ఆంధ్రదేశంలో ఫ్యూడలిజం పుట్టుక" అన్న పరిశోధన అది. పద్నాలుగేళ్ళ కష్టం. మొదట పేరు నమోదు చేసుకున్న గైడు గారు మధ్యలో కాలం చేశారు, గడువు దాటిపోయింది, అయినా ఆయన మానలేదు. శాసనాల కోసం సెలవుల్లో ఊళ్ళు తిరిగేవాడు. ఆయన గిలుకుడు రాతని గుండ్రటి అక్షరాల్లోకి ఎత్తి రాసింది భార్య బాలసరస్వతి. ఆవిడ మునిసిపల్ స్కూల్లో టీచరు. పిల్లల కాంపోజిషన్లు దిద్దడం అయ్యాక ఈయన సామంతుల్ని దిద్దేది.

ఆ పరిశోధనకి ప్రాణం ఒక రాయి. డెబ్భై ఏడు నాటి పెద్ద తుఫాను వెళ్ళిన రెండేళ్ళకి, బాపట్ల తీరంలో చేపలవాళ్ళ పల్లె ఒకదాంట్లో, రత్తమ్మ అనే ఆవిడ ఇంటి ముందు దొరికింది. ఆ రాతి మీద ఆవిడ ఉప్పుచేపలు ఎండబెట్టుకుంటోంది. ఉమామహేశ్వరరావు శుద్ధ శాకాహారి. ముక్కు మూసుకుని, ఆ చేపలన్నీ తన చేత్తో తీసి, రాతిని మూడు బిందెల నీళ్ళతో కడిగి చదివాడు. చదివి గంతులేశాడు. ఎప్పుడో ఎనిమిది వందల ఏళ్ళ కిందట గాలివానకి ఊరు పోయిందట. దొర గింజలు పంపాడట. అందుకని ఆ ఊరి రైతులు ఇరవైమంది తమ పొలాలు తామే దొర పేర రాసిచ్చేసి, అవే పొలాల్ని తిరిగి దొర దగ్గర కౌలుకి తీసుకున్నారట. ఫ్యూడలిజం ఎలా పుట్టిందని దేశంలో పండితులంతా కొట్టుకుంటుంటే, సమాధానం ఇక్కడ చేపల కింద పడి ఉంది.

"ఏంటయ్యగోరూ అంత సంబరం? ఏం రాసుంది?" అని అడిగింది రత్తమ్మ.

చెప్పాడు. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని అంతా విన్నది.

"గాలివానొచ్చిందని పొలాలిచ్చేశారా?"

"అవునమ్మా."

"మొన్న మాకూ వచ్చిందిగా గాలివాన. పడవ పోయింది, వల పోయింది, ఇల్లు లేచిపోయింది. గింజలు మాకూ ఇచ్చారు. తిన్నాం. ఎవురికీ ఏం రాసియ్యలేదే!"

"అప్పటి పరిస్థితులు వేరమ్మా."

"ఏమోనయ్యా. రాయి తీసుకుపోతావా ఏంటి కొంపదీసి? నా చేపలు పాడైపోతాయి."

ఆయన రాయి తీసుకుపోలేదు, రాత మాత్రం ఎత్తి రాసుకున్నాడు. "ప్రకృతి వైపరీత్యాలే ఫ్యూడలిజానికి మూలం" అని ఒక అధ్యాయమే రాశాడు. రత్తమ్మ అభ్యంతరానికి అందులో ఎక్కడా చోటు ఇవ్వలేదు. ఆవిడకి డిగ్రీ లేదు కదా.

ఎనభై ఏడు ఆగస్టులో ఒక ఆదివారం, అన్ని ఆదివారాల్లాగే వెళ్ళి బల్ల చివర కూర్చున్నాడు. హనుమంతరావు గారు పడక్కుర్చీలోంచి, "ఏమయ్యా హిస్టరీ, ఇటొచ్చి కూర్చో" అన్నారు.

ఉమామహేశ్వరరావు అటూ ఇటూ చూశాడు. హిస్టరీ అంటే తనే. వెళ్ళి ఎదురుగా ఉన్న కుర్చీ అంచున కూర్చున్నాడు. లోపల్నించి కాఫీ వచ్చింది, స్టీలు గ్లాసులో కాదు, కప్పూ సాసరులో. మిక్సీ విప్పుతున్న ఫిజిక్స్ ఆయన తలుపు సందులోంచి తొంగి చూశాడు.

"మన అబ్బాయి వరప్రసాదానికి ఒక పిహెచ్‌డీ కావాలయ్యా" అన్నారు హనుమంతరావు గారు, మార్కెట్‌కి వెళ్తే దోసకాయలు తెమ్మన్నట్టు. "వాణ్ణి ప్రిన్సిపాల్ని చేద్దామంటే అది ఉండాలంటున్నారు. ఎం.ఏ. హిస్టరీయే చేశాడు ప్రైవేటుగా. అందులో అయితే లెక్కలుండవని చేశాడు. గైడుని నేను చూసుకుంటాను. నువ్వేదన్నా ఒక మంచి టాపిక్కు చెప్పు, చాలు."

టాపిక్కు చెప్పు, చాలు. ఆయన అడిగింది అంతే. ఈ సంగతి పాఠకులు గట్టిగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఉమామహేశ్వరరావు తర్వాత అందరికీ వేరేలా చెప్పుకున్నాడు. ఆ పెద్దమనిషి నోటుబుక్కులు అడగలేదు. అవి ఉన్నాయని కూడా ఆయనకి తెలియదు.

కానీ పన్నెండేళ్ళుగా ఎందుకూ కొరగాకుండా బల్ల చివర కూర్చున్న మనిషితో మొదటిసారి ఈ ఇంటికి పని పడింది! ఆ ఆనందం ఎక్కడ మొదలైందో గానీ గొంతులోకి వచ్చేసింది.

"టాపిక్కు ఎందుకండీ? మొత్తం సిద్ధంగా ఉంది. నా దగ్గర ఏడు నోటుబుక్కులున్నాయండి. టైపు చేయించడమే తరువాయి" అన్నాడు.

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకి వినబడలేదు. హనుమంతరావు గారు మొదట అర్థంకానట్టు చూశారు. తర్వాత, "ఊఁ" అన్నారు.

బాలసరస్వతి విషయం విని వంటింటి గుమ్మంలో కూలబడింది.

"ఏవండీ, ఏడూ ఇచ్చేస్తానన్నారా?"

"ఎయిడెడ్ పోస్టు వస్తుంది సరస్వతీ."

"ఇస్తానన్నాడా ఆయన?"

"అనలేదు. కప్పులో కాఫీ ఇచ్చాడు."

 "ఆ రాత నాది. అదీ ఇచ్చేశారన్నమాట" అంది.

ఆ మాట ఉమామహేశ్వరరావుకి సూదిలా గుచ్చుకుంది. మధ్యయుగంలో కూడా చిన్నవాడు పెద్దవాడి నీడ చూసుకోక తప్పలేదని, అది బలహీనత కాదని, చారిత్రక అనివార్యత అని ఆవిడకి చాలాసేపు వివరించాడు. ఆవిడ లేచి బియ్యం కడగడం మొదలుపెట్టింది. మర్నాడు ఆయనే రేకుపెట్టె రిక్షాలో వేసుకుని స్టేషనుకి వెళ్ళాడు. పెట్టె బరువుగా ఉన్నా కూలీని పెట్టుకోలేదు, ఎవరైనా పడేస్తారని భయం.

టైపు పని రెండేళ్ళు నడిచింది. వరప్రసాదం మంచివాడే. లావుగా, నెమ్మదిగా, ఎవరినీ నొప్పించకుండా ఉండేవాడు. పుస్తకాన్ని ముట్టుకోలేదు, ఆ మర్యాద చివరిదాకా పాటించాడు. కృతజ్ఞతల పేజీ మాత్రం స్వయంగా రాసుకున్నాడు. అందులో తండ్రి, తల్లి, గైడు, టైపిస్టు, రేపల్లె లైబ్రరీ బంట్రోతు, మొత్తం ఇరవై ఒక్క పేర్లున్నాయి.

"మీ పేరు కావాలనే పెట్టలేదు మాస్టారూ. పెడితే లేనిపోని అనుమానాలొస్తాయి కదా" అన్నాడు.

"నిజమేనండి" అన్నాడు ఉమామహేశ్వరరావు. పైగా, అంత ముందుచూపుతో ఆలోచించినందుకు మెచ్చుకున్నాడు కూడా.

ఎనభై తొమ్మిది డిసెంబరులో వైవా. ఏ విశ్వవిద్యాలయమో నేను చెప్పను. కాలేజీ స్టాఫంతా కదిలి వెళ్ళింది, ఎవరికీ అక్కడ పిన్నత్తలు లేకపోయినా. ఉమామహేశ్వరరావు ముందుగా ముప్ఫై ప్రశ్నలకి జవాబులు రాసి వరప్రసాదానికి ఇచ్చాడు. వాటిలో రెండు వరప్రసాదం నేర్చుకున్నాడు.

పరీక్షాధికారిగా వచ్చింది బాపట్ల వెంకటరాఘవయ్య గారు, రిటైరైన ప్రొఫెసరు. ఈయన నిజంగా చదివి వచ్చే రకం. థీసిస్ నిండా కాగితం ముక్కలు గుర్తులు పెట్టుకుని వచ్చారు.  వైవా ఇంగ్లీషులో మొదలై మూడో వాక్యానికి తెలుగులోకి దిగింది. వరప్రసాదం తనకి వచ్చిన రెండు జవాబులూ మొదటి రెండు ప్రశ్నలకే వాడేశాడు, ఆ ప్రశ్నలు వేరే అయినా సరే. వెంకటరాఘవయ్య గారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"నాయనా, ఇవన్నీ వదిలేద్దాం. నాకు ఒకే ఒక్క సందేహం. నువ్వు కనిపెట్టిన శాసనంలో ఇరవైమంది రైతులున్నారు. పొలం ఉన్నవాడు ఆ పొలం ఎందుకు రాసిచ్చాడు? గాలివాన అని రాశావు. సరే. గాలివాన వెళ్ళిపోయింది, పంట పండింది. మరి అప్పుడైనా నా పొలం నాకివ్వమని ఎందుకడగలేదు? తరాల తరబడి ఎందుకడగలేదు? పుస్తకమంతా వెతికాను. దీనికి సమాధానం లేదు."

సమాధానం లేదని ఉమామహేశ్వరరావుకి తెలుసు. ఉండదు. ఎందుకంటే పద్నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని అడిగింది రత్తమ్మ ఒక్కతే. ముప్ఫై ప్రశ్నల కాగితంలో కూడా అది లేదు. పాపం వరప్రసాదం పెదాలు తడుపుకుంటున్నాడు. చూస్తూ ఉండలేక ఉమామహేశ్వరరావు కుర్చీలోంచి లేచి, ఫ్లాస్కులోంచి నీళ్ళు గ్లాసులో పోసి, వంగుని పట్టుకెళ్ళి చేతికందించాడు. వరప్రసాదం ఆయన వంక చూడకుండానే గ్లాసు అందుకుని తాగి, ఖాళీ గ్లాసు పక్కకి చాపాడు. ఉమామహేశ్వరరావు అందుకున్నాడు.

అప్పుడు వరప్రసాదం, "గాలివాన అక్కర్లేదండి" అన్నాడు.

"ఏంటీ?"

"దానికి గాలివాన అక్కర్లేదండి. ఇచ్చేవాళ్ళు ఇస్తారు. అడగక్కూడా అక్కర్లేదు. మనం ఊరికే కూర్చుని ఉండాలంతే."

వెంకటరాఘవయ్య గారు ముందుకి వంగారు. "ఇంకాస్త వివరంగా చెప్పు నాయనా."

వరప్రసాదానికి ఇది తెలిసిన సంగతి. పుట్టినప్పట్నించీ చూస్తున్న సంగతి. ఆ రోజు మొదటిసారి ఆయన గొంతు పెగిలింది. "మొదటిరోజే ఎవరూ పొలం పట్టుకుని రారండి. ఊరికే చూసి పోదామని వస్తారు. మనం ఊఁ అంటాం. రెండోసారి వట్టి చేతులతో రావడానికి వాళ్ళకే మొహమాటమేస్తుంది. ఒకడు గుమ్మడికాయ తెస్తాడు. అది చూసి పక్కవాడికి భయం పట్టుకుంటుందండి, తను వెనకబడిపోతానేమోనని. వాడు ఆవుదూడని తోలుకొస్తాడు. మనకి ఆ గుమ్మడికాయా అక్కర్లేదు, ఆ దూడా అక్కర్లేదు. కానీ వద్దంటే ఏడుస్తారండి. ఏం తప్పు చేశామని అడుగుతారు. అలా అలా పొలం దాకా వస్తుంది. ఇచ్చాక మళ్ళీ ఎలా అడుగుతారండీ? ఇచ్చినప్పుడు వాళ్ళకి ఎంత సంతోషంగా ఉంటుందో మీరు చూడలేదు."

 ఫిజిక్స్ ఆయన ఫ్యాను చూస్తున్నాడు. కామర్స్ ఆయన చెంప పట్టుకున్నాడు, పన్ను నిజంగానే నొప్పి పుట్టినట్టుంది. హైమావతి ఒడిలోని బ్యాగు జిప్పు తీస్తోంది, వేస్తోంది.

"ఇదేదీ నీ పుస్తకంలో లేదే!" అన్నారు వెంకటరాఘవయ్య గారు.

"రాసేటప్పుడు తట్టలేదండి."

"నలభై ఏళ్ళు ఈ సబ్జెక్టు చెప్పాను. ఇంత సూటిగా చెప్పినవాణ్ణి చూడలేదు. ఈ ముక్క చేర్చి పుస్తకం అచ్చేయించు" అని ఆ పెద్దాయన లేచి వరప్రసాదం భుజం తట్టారు.

ఉమామహేశ్వరరావు కడుపు మండిపోయింది. సిగ్గుతో సగం, మిగతా సగం అంతకంటే చెడ్డది. తను ఊళ్ళూ వాడలూ తిరిగి, రాళ్ళు కడిగి, కళ్ళు పోగొట్టుకుని పట్టుకోలేని నిజాన్ని, పుస్తకం తెరవనివాడు మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా చెప్పేశాడు. అదీ సరైన జవాబు. ఒక్క అక్షరం కాదనడానికి లేదు. ఆయనకి అక్కడే లేచి అరవాలనిపించింది. ఈలోగా హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. అవి తన చేతుల నుంచే మొదలయ్యాయని పక్కనున్న తెలుగు పంతులు చూస్తే గానీ ఆయనకి తెలియలేదు.

ఆ చేర్చవలసిన ముక్క కూడా సంక్రాంతి సెలవుల్లో ఉమామహేశ్వరరావే రాసి ఇచ్చాడు. వేరెవరు రాస్తారు?

తొంభై జూన్‌లో డాక్టర్ వరప్రసాదం గారు ప్రిన్సిపాలయ్యారు. అదే జూన్‌లో జగన్నాథం గారు దండలు వేయించుకుని, శాలువా కప్పించుకుని రిటైరయ్యారు. కుర్చీ ఖాళీ అయింది. ఉమామహేశ్వరరావు ఆ ఆదివారం రేపల్లె వెళ్తూ జీవితంలో మొదటిసారి, నియమం తప్పి, నోరు తెరిచి అడిగేద్దామనుకున్నాడు. అడగక్కర్లేకపోయింది.

"రూలు మారిందయ్యా. ఎయిడెడ్ పోస్టుకి ఇప్పుడు పిహెచ్‌డీ కావాలంటున్నారు. నాకు మాత్రం నీకివ్వాలని లేదా? తీరా చూస్తే నీకు డిగ్రీ లేకపోయె. ఇన్నేళ్ళూ ఏం చేశావయ్యా?" అన్నారు హనుమంతరావు గారు. ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే బాధపడ్డారు. నిజంగానే మరిచిపోయారు.

ఇంటికొచ్చి చెబితే బాలసరస్వతి ఈసారి కూలబడలేదు. లేచి నిలబడింది.

"రేపు వెళ్ళి ప్రిన్సిపాలుతో చెప్పండి, ఆ పుస్తకం నాదని. నా నోటుబుక్కులు నాకిచ్చేయండి అని అడగండి. వాటినిండా నా చేతిరాత ఉంది. ఏ ఊరి పంచాయితీకైనా నేనొచ్చి రాసి చూపిస్తాను. పోస్టు ఇస్తారో, పుస్తకమిస్తారో తేల్చుకోమనండి."

"ఉన్న ఉద్యోగం పోతే?"

"పోనివ్వండి. నా జీతం ఉంది. పదిహేనేళ్ళుగా మీరు భయపడుతుంటే చూడలేకపోతున్నాను" అంది. అంటుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ గొంతు గట్టిగానే ఉంది.

ఆవిడ ధైర్యం రాత్రికి రాత్రే ఆయనకీ కొంత అంటుకుంది. పొద్దున కాలవగట్టు మీద నడుస్తూ, "ఆ పరిశోధన నాదండి, నా నోటుబుక్కులు నాకిచ్చేయండి" అన్న మాటని ఇరవైసార్లు చెప్పుకున్నాడు. చెప్పుకున్నకొద్దీ గొంతు గట్టిపడింది. పాఠం చెప్పేటప్పటి గొంతు అది. కాలేజీ గేటు దాటి, మెట్లెక్కి, ప్రిన్సిపాలు గది తలుపు తోసేటప్పటికి ఆయన నిజంగానే కోపంగా ఉన్నాడు. అంత కోపం తనలో ఉందని తెలిసి లోలోపల గర్వపడ్డాడు కూడా.

"రండి మాస్టారూ, మీకోసమే అనుకుంటున్నాను. కూర్చోండి" అన్నాడు వరప్రసాదం.

ఉమామహేశ్వరరావు కూర్చోలేదు. "ఆ నోటుబుక్కులండీ..." అన్నాడు.

"అవా? ఎక్కడికీ పోలేదు, మా ఇంట్లో అటక మీద భద్రంగా ఉన్నాయి. మీకు కావాలంటే పట్టుకెళ్ళండి. వాడుకుని మళ్ళీ ఇచ్చేద్దురుగాని."

"చాలా సంతోషమండి" అన్నది ఉమామహేశ్వరరావు నోరు.

"నాన్నగారు చెప్పారు మీ సంగతి. నేను రాత్రంతా ఆలోచించాను మాస్టారూ, మీకు ఏదో ఒకటి చెయ్యాలి. మా గైడుగారి చేత మాట్లాడించాను. నన్ను గైడుగా ఒప్పుకుంటారట. నా కింద చేరిపోండి. మూడేళ్ళలో మీకు పిహెచ్‌డీ. అప్పటిదాకా ఆ పోస్టు ఎవరికీ ఇవ్వకుండా నేను చూస్తాను." బల్ల మీది ఫారం ఆయన వైపు జరిపాడు. పేర్లన్నీ అప్పటికే నింపి ఉన్నాయి. "టాపిక్కు కూడా నేనే వేశాను. ఆంధ్రదేశంలో ఫ్యూడలిజం అంతం. పుట్టుక నేను రాసేశాను కదా, పోవడం మీరు రాస్తే మన కాలేజీకి రెండూ ఉంటాయి."

ఉమామహేశ్వరరావు ఫారం వంక చూశాడు. గైడు పేరు పైన ఉంది, తన పేరు కింద ఉంది. ఇరవైసార్లు చెప్పుకున్న మాట గొంతులో ఎక్కడో ఉంది, దాని కోసం నిజాయితీగా వెతికాడు. వెతికితే దొరికింది కోపం కాదు. తనకోసం ఈయన రాత్రంతా ఆలోచించాడట! ఛాతీలో వెచ్చగా ఏదో పొంగుతోంది. దాన్ని ఆయన గుర్తుపట్టాడు, గుర్తుపట్టి భయపడ్డాడు, అయినా అది ఆగలేదు.

"ఎప్పుడు అంతమైందని రాయమంటారండీ?" అని అడిగాడు.

వరప్రసాదం అప్పటికే ఉత్తరాల కవర్లు చించి చూసుకుంటున్నాడు. "అదేదో మీరే చూసుకోండి మాస్టారూ. మూడేళ్ళు టైముందిగా."

"అలాగేనండి" అని ఉమామహేశ్వరరావు సంతకం పెట్టాడు.

బయటికి రాగానే వరండా గచ్చు కాళ్ళకి చురుక్కుమంది. కిందకి చూసుకుంటే పాదాలు ఉత్తివి. తన చెప్పులు తలుపు పక్కన, గోడ వారగా, ఒద్దికగా ఉన్నాయి. అక్కడ ఇంకెవరివీ లేవు. ఆ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళాలని కాలేజీలో రూలు లేదు, ఎవరూ ఎప్పుడూ చెప్పనూ లేదు. అంత కోపంగా తలుపు తోసేముందు వాటిని ఎప్పుడు విప్పాడో, ఎంత ఆలోచించినా ఆయనకి గుర్తుకు రాలేదు.